మండల విలేకరి, మైదానం, విమానాశ్రయం: తెలుగు జిల్లా పేజీలలో క్రీడావార్త

కీలకపదాలు: క్రీడావార్త, జిల్లా సంచిక, మండల విలేకరి, శంషాబాద్, వార్తాభాష, పత్రికల భద్రత

1. ఉపోద్ఘాతం

శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరుపుకొని, మార్చి 23 నుంచి విమానాల రాకపోకలకు తెరుచుకుంది. ఆ మరునాడు, మార్చి 24న, ‘సాక్షి’ దినపత్రిక 23 ఎడిషన్లతో ఒక్కసారిగా వెలువడింది. ఏప్రిల్ 18న బెంగళూరులో ఐపీఎల్ మొదటి మ్యాచ్ జరిగింది. నెల రోజులలోపు జరిగిన ఈ మూడు ఘటనలకు కార్యకారణ సంబంధమేమీ లేదు. కాని రంగారెడ్డి జిల్లాలో ఒక గ్రామీణ మండలానికి వార్తలు రాసే వ్యక్తి వైపు నుంచి చూస్తే ఇవి మూడూ ఒకేచోట కలుస్తాయి. విమానాశ్రయం అతని మండలంలోకి వచ్చింది. పత్రికల మధ్య పోటీ అతని ఊరిదాకా వచ్చింది. క్రీడ అంటే రాత్రిపూట టీవీలో చూసే క్రికెట్ అనే అలవాటు అతని పాఠకుల ఇళ్ళలోకి వచ్చింది.

తెలుగు పత్రికల చరిత్రలు సంపాదకులను, జాతీయోద్యమాన్ని, భాషావివాదాలను చర్చించినంత విస్తృతంగా విలేకరిని చర్చించలేదు. విలేకరిని పట్టించుకున్న కొద్దిపాటి రచనల్లోనూ రాజకీయ వార్త, నేర వార్త ముందుంటాయి. క్రీడావార్త ఊసు అరుదు. దీనికి ఒక కారణం స్పష్టం. చిన్న పట్టణంలో పనిచేసే ‘క్రీడా విలేకరి’ అనే ఉద్యోగం తెలుగు దినపత్రికలలో దాదాపుగా లేదు. క్రీడల డెస్కు ప్రధాన కార్యాలయంలో ఉంటుంది. మండల కేంద్రంలో ఉండేది ఒక్క విలేకరి. ధాన్యం కొనుగోలు, రోడ్డు ప్రమాదం, గ్రామసభ, భూవివాదం రాసిన చేత్తోనే అతడు పాఠశాల ఖోఖో పోటీ కూడా రాస్తాడు. తెలుగు నేలమీద చిన్న ఊళ్ళ ఆటలకు మిగిలిన లిఖిత చరిత్రలో ఎక్కువ భాగం ఇలా, క్రీడా విలేకరి కాని మనిషి రాసిందే. అది ఎలా రాయబడింది, ఎందుకు అలా రాయబడింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

2. అనువదించిన ఆట

తెలుగు పత్రికారంగానికి చిన్న పట్టణం కొత్తది కాదు. ‘కృష్ణాపత్రిక’ 1902లో మచిలీపట్నంలో పుట్టింది. ‘జమీన్ రైతు’ 1930లో మొదలై నెల్లూరు పత్రికగా పేరు తెచ్చుకుంది. సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో ఆరంభమైన ‘గోలకొండ పత్రిక’ హైదరాబాదు నుంచి వెలువడినా దాని చూపు తెలంగాణ పల్లెలమీదే ఉండేది. అయితే వారానికి ఒకసారో రెండుసార్లో వచ్చే పత్రికకు నిన్నటి ఆట ఫలితంతో పనిలేదు. ఫలితం పాతబడకముందే పాఠకుడికి అందాలంటే దినపత్రిక కావాలి. తెలుగువారి తొలి ప్రధాన దినపత్రికలైన ‘ఆంధ్రపత్రిక’ (1914), ‘ఆంధ్రప్రభ’ (1938) రెండూ మద్రాసులో అచ్చయ్యాయి. తెలుగు ఊళ్ళకు అంత దూరంలో తయారయ్యే పత్రికలోకి క్రీడావార్త వార్తాసంస్థల ద్వారా, ఆంగ్లంలో, టెలిప్రింటర్ మీద వచ్చింది. ఉపసంపాదకుడు దాన్ని తెలుగు చేశాడు.

అంటే తెలుగు క్రీడాపుట పుట్టుకలోనే అనువాదం. మైదానంలో ఆట చూసి రాసినవాడు ఒకడు, దాన్ని తెలుగులో చెప్పినవాడు మరొకడు. ఈ అనువాదంలో కొన్ని చక్కని మాటలు స్థిరపడ్డాయి. నూరు పరుగులకు ‘శతకం’ అన్న ప్రయోగం అలాంటిది. సుమతి, వేమన, దాశరథి శతకాలు చదువుకున్న జాతికి ఆ మాట అప్పటికే నూరు పద్యాల లెక్కతో నోట నానినది కనుక బ్యాట్స్‌మన్‌కు తేలికగా అమరింది.

కాని దగ్గరి ఆట కూడా దూరంనుంచే రావడం ఈ పద్ధతిలోని లోపం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మద్రాసులో అచ్చయ్యే తెలుగు పత్రికకు ఇదంతా వేరే నగరపు వార్త. వరంగల్లుకు చెందిన బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడు జమ్మలమడక పిచ్చయ్యకు 1970లో అర్జున పురస్కారం లభించింది. ఆ ఆట ఒలింపిక్స్‌లో లేదు, విదేశీ వార్తాసంస్థలకు అక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో కోర్టులు గీసుకొని దశాబ్దాలపాటు ఆడిన ఇలాంటి ఆటకు అనువాద క్రీడాపుటలో చోటు సహజంగానే ఇరుకు.

ఇక్కడ సురవరం వారిని మరొకసారి తలచుకోవాలి. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన కావ్యాలను వెదకి తెలుగువారి ఆటలను, వినోదాలను నమోదు చేశారు. రాజుల యుద్ధాలతో సమానంగా జనం ఆటలు కూడా చరిత్రకు పనికివస్తాయని గ్రహించినవాడు వృత్తిరీత్యా పత్రికా సంపాదకుడు కావడం గమనార్హం. ఆయన వెదికినప్పుడు కావ్యాలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్ది చివరి ఊళ్ళ ఆటలు వెదకాలంటే దొరికేవి కావ్యాలు కావు, జిల్లా పేజీలు.

3. జిల్లా పేజీ ఏర్పడిన తీరు

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ ప్రారంభం కావడంతో దినపత్రిక అచ్చయ్యే చోటు పాఠకుడికి దగ్గరైంది. 1985లో మండల వ్యవస్థ వచ్చింది. 1989లో ‘ఈనాడు’ జిల్లా సంచికలను ప్రవేశపెట్టింది. ప్రధాన సంచికలో మడిచి ఇచ్చే ఆ చిన్న పరిమాణపు పత్రిక మిగతా దినపత్రికలకూ తప్పనిసరి అయింది. భారతీయ భాషాపత్రికల విస్తరణపై రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన గ్రంథంలో ‘ఈనాడు’ స్థానిక వార్తావిధానానికి ప్రముఖ స్థానం దక్కింది. ఆ విస్తరణను ఆయన ప్రధానంగా పాఠకుల సంఖ్య, ప్రకటనల ఆదాయం వైపు నుంచి వివరించారు. క్రీడ వైపు నుంచి చూస్తే ఇంకొక సంగతి కనిపిస్తుంది. మొదటిసారిగా ప్రతి మండలానికీ రోజూ నింపవలసిన జాగా ఏర్పడింది. జాగా ఏర్పడ్డాక వార్త కావాలి. రాజకీయం, నేరం ప్రతిరోజూ దొరకవు. పాఠశాల, కళాశాల, జాతర, సంక్రాంతి పోటీలు దొరుకుతాయి. బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్, ఖోఖో, చెడుగుడు, కుస్తీ, ఎడ్ల బండలాగుడు అచ్చులోకి వరసగా వచ్చింది ఈ దారినే.

రాసే మనిషికి ఉద్యోగం లేదు. అతడు కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తను కొలిచి నెలకు ఇంత అని చెల్లించే ‘లైన్ అకౌంట్’ పద్ధతి చాలాకాలం నడిచింది. వార్తలను కవరులో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపడం, ఆ తర్వాత ఫ్యాక్స్, ఆపై వాట్సాప్, ఇలా సాధనాలు మారాయి గాని ఉపాధి స్వరూపం పెద్దగా మారలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికారచన ప్రధాన వృత్తిగా ఉన్నవారినే జర్నలిస్టుగా గుర్తించింది. కంట్రిబ్యూటర్‌కు ఇంకొక బతుకుతెరువు ఉంటుందన్నది యాజమాన్యాల ఊహ. చాలామందికి నిజంగానే ఉంటుంది, ఉండక తప్పదు. వార్తకు ముందు వేసే ఊరిపేరు పక్కన ‘న్యూస్‌టుడే’ అనో ‘ప్రభన్యూస్’ అనో పడుతుంది. రాసినవాడి పేరు పడదు.

4. ముఖ్య అతిథి ముందు, స్కోరు వెనుక

జిల్లా పేజీ క్రీడావార్తకు ఒక స్థిరమైన నిర్మాణం ఉంది. మొదటి వాక్యంలో పోటీలను ప్రారంభించిన ప్రజాప్రతినిధి ఉంటాడు. రెండో వాక్యంలో క్రీడలు మానసికోల్లాసానికి, శారీరక దృఢత్వానికి దోహదపడతాయన్న ఆయన మాట. మూడో వాక్యంలో గెలుపోటములను సమానంగా స్వీకరించాలన్న హితవు. ఆపై సర్పంచ్, ఉపసర్పంచ్, ఎంపీటీసీ సభ్యుడు, ప్రధానోపాధ్యాయుడు, పార్టీ మండల అధ్యక్షుడు. చివర ‘తదితరులు పాల్గొన్నారు’. ఆడినవారు ఆ ‘తదితరులు’ అనే మాటలో ఉంటారు. ఛాయాచిత్రంలో కబడ్డీ బరిమధ్య నిలబడి చెయ్యెత్తినవాడు కూడా ముఖ్య అతిథే.

దీన్ని విలేకరి అజ్ఞానంగానో భజనగానో కొట్టిపారేయడం సులభం. కాని ఈ రూపానికి కారణం చాలావరకు పని పద్ధతిలో ఉంది. జిల్లా సంచిక ప్రధాన సంచిక కంటే ముందు ముద్రణకు వెళ్తుంది, దాని పేజీలు సాయంత్రానికే ముగుస్తాయి. పల్లె పోటీల ప్రారంభోత్సవం పొద్దున జరుగుతుంది, తుదిపోరు ఫ్లడ్‌లైట్ల కింద అర్ధరాత్రి దాటి ముగుస్తుంది. ప్రారంభోత్సవం రేపటి పత్రికలో వస్తుంది. ఫలితం ఎల్లుండికి గాని రాదు, అప్పటికి వేరే ఊరి వార్త ఆ జాగా తీసుకుంటుంది. ఎవరు గెలిచారన్నది ఊరికంతా తెలిసిపోయింది కనుక డెస్కులో దాన్ని అడిగేవారు కూడా ఉండరు. అతిథి ముందు, స్కోరు వెనుక అన్న క్రమాన్ని కొంతవరకు గడియారమే నిర్ణయించింది.

మిగతాది డబ్బు నిర్ణయించింది. కంట్రిబ్యూటర్ రాబడిలో పండుగలకు, జాతీయ దినాలకు తెచ్చే ప్రకటనలపై కమీషన్ ముఖ్యమైన భాగం. ఆ ప్రకటన ఇచ్చేవాడు పోటీలను ప్రారంభించిన నాయకుడే. ఆటగాడు ప్రకటన ఇవ్వలేడు. వాలీబాల్ జట్టులోని ఆరుగురి పేర్లకు, వేదికమీది ఆరుగురి పేర్లకు ఒకే సింగిల్ కాలమ్‌లో చోటు చాలనప్పుడు ఏవి మిగులుతాయో ఊహించడం కష్టం కాదు.

వార్తామూలం సంగతి కూడా చూడాలి. స్థానిక క్రీడావార్తకు మొదటి రచయిత తరచుగా విలేకరి కాదు, పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. స్కూల్ గేమ్స్ ఎంపిక పోటీలు ముగియగానే అండర్ 14, అండర్ 17 జాబితాలు కాగితంమీద రాసి పంపేది ఆయనే. ఆ జాబితాలో పిల్లల పేర్లు పూర్తిగా ఉంటాయి. పేజీలోకి వచ్చేసరికి ఇంటిపేర్లు రాలిపోతాయి, కొన్నిసార్లు ఊరిపేర్లూ పోతాయి. ‘లక్ష్మి, శ్రీను, రమేశ్, అనూష రాష్ట్రస్థాయికి ఎంపికయ్యారు’ అన్న తరహా వాక్యం ఆనాటి తల్లిదండ్రులకు సంతోషమే. ముప్పై ఏళ్ళ తర్వాత పరిశోధకుడికి అది ఏమీ చెప్పదు.

అయితే ఈ పేజీలో ఆటగాడే మొదటి వాక్యంలో నిలిచే వార్త ఒకటి ఉంది. జాతీయ పోటీలకు ఎంపికై, ప్రయాణానికి, బూట్లకు డబ్బులేని పిల్లల గురించి దాతల సాయం కోరుతూ రాసేది. ‘పేదింట మెరిసిన క్రీడాకుసుమం’ వంటి శీర్షికల అరిగిన భాష విమర్శకులకు నచ్చకపోవచ్చు. కాని ఈ వార్త పనిచేస్తుంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి వంటి క్రీడాకారుల జీవితం చూస్తే ఈ రకం వార్తకు ఉన్న భూమిక అర్థమవుతుంది. కూలి చేసుకునే కుటుంబంలో పుట్టిన ఆమెను మొదట గుర్తించింది పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడే. 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం ఆమె సాధించింది. ఊరి మట్టిమీద పరుగుకు, పారిస్ పతకానికి మధ్య ఉన్న ఏళ్ళలో ఇలాంటి పిల్లలను గమనించే పత్రికారచయిత ఎవరైనా ఉంటే అది మండల విలేకరే. ప్రధాన క్రీడాపుట వారిని పతకంతోనే గుర్తిస్తుంది.

5. కూత, బరి, కడియం

అనువాద క్రీడాపుట ‘శతకం’ ఇచ్చింది. జిల్లా పేజీ వేరే మాటలను కాపాడింది. చెడుగుడులో ఊపిరి బిగబట్టి ప్రత్యర్థి వైపు వెళ్ళడాన్ని పల్లెల్లో ‘కూతకు వెళ్ళడం’ అంటారు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై తెలుగు టైటాన్స్ జట్టు ఏర్పడ్డాక టీవీ వ్యాఖ్యానంలో అది ‘రైడ్’ అయింది. అయినా స్థానిక వార్తల శీర్షికల్లో ‘కబడ్డీ కూత’ నేటికీ వినబడుతూనే ఉంది. ‘బరి’ మరీ విచిత్రమైన మాట. కోడిపందెం, కుస్తీ, చెడుగుడుల హద్దు గీత నుంచి అది ఎన్నికల వార్తలోకి వెళ్ళి, అభ్యర్థులు ‘బరిలో నిలవడం’గా స్థిరపడింది. ఆటను, ఎన్నికను ఒకే చెయ్యి రాసే చోట ఇలాంటి ప్రయాణం సహజం.

నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల జాతర కుస్తీల వార్తల్లో ఒక వరస పదేపదే కనిపిస్తుంది. పోటీలు ‘కొబ్బరికాయ కుస్తీ’తో మొదలై ‘వెండి కడియం కుస్తీ’తో ముగుస్తాయి. మొదట పిల్లలు కొబ్బరికాయ కోసం పట్టు పడతారు, చివర పేరుమోసిన పహిల్వాన్లు తులాల లెక్కన వెండి కడియం కోసం. బోధన్ ప్రాంతపు హున్సాలో హోలీనాడు జరిగే పిడిగుద్దులాట కూడా ఏటా జిల్లా పేజీకి ఎక్కే వార్తే. తాలీం, పహిల్వాన్, కడియం అన్న మాటలు డెస్కు ప్రమాణభాషలో ఇమడవు. అయినా ఆ ఆటకు మరో పేరు లేదు గనుక అవి దాటిపోయాయి. తెలంగాణ పలుకుబడి పత్రికాభాషలో నిరాదరణ పొందిందన్న విమర్శ సరైనదే. కుస్తీ వార్త అందుకు ఒక చిన్న మినహాయింపు.

6. విమానాశ్రయంలో క్రీడ

2008కి ముందు విజేతలు దిగింది బేగంపేటలో. అది నగరం నడిబొడ్డు, నగర విలేకరుల పరిధి. విమానాశ్రయం తరలిన తర్వాత ప్రపంచ విజేత మొదట కాలుమోపే నేల ఒక గ్రామీణ మండలం అయింది. 2018లో శంషాబాద్ పురపాలక సంఘం అయ్యేదాకా అది పంచాయతీయే. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయంతోపాటు బాహ్యవలయ రహదారి వచ్చింది, చుట్టూ వెంచర్లు వెలిశాయి. అక్కడి విలేకరి రోజువారీ పనిలో బంగారం పట్టివేత, రహదారి ప్రమాదం, భూమి ధర ముందుకు వచ్చి, పల్లె పోటీ వెనక్కి జరిగింది. పంట కోసిన బీడులో సంక్రాంతికి వాలీబాల్ వల కట్టే వీలు ప్లాట్ల రాళ్ళు పాతాక ఉండదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామాలకు క్రీడా ప్రాంగణాల పథకం తెచ్చినప్పుడు ‘బోర్డులకే పరిమితం’ అన్న శీర్షిక అనేక జిల్లా పేజీల్లో రావడానికి ఇదొక నేపథ్యం. సందర్భవశాత్తు ఒక విషయం: 2008లో ఐపీఎల్ ఢిల్లీ జట్టును కొన్నది ఈ విమానాశ్రయాన్ని కట్టిన జీఎంఆర్ సంస్థ, హైదరాబాద్ జట్టును కొన్నది పత్రికాసంస్థ అయిన దక్కన్ క్రానికల్. ఆటకు వార్త రాసే సంస్థే ఆటకు యజమాని అయిన ఆ ఘట్టం విడిగా పరిశోధించదగినది.

2016 ఆగస్టు 22న రియో ఒలింపిక్స్ రజతంతో పి.వి. సింధు శంషాబాద్‌లో దిగింది. పైకప్పులేని డబుల్ డెక్కర్ బస్సులో ఆమెను, శిక్షకుడు పుల్లెల గోపీచంద్‌ను గచ్చిబౌలి మైదానానికి ఊరేగించారు. తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు నజరానా ప్రకటించాయి. విభజన జరిగి రెండేళ్ళయిన ఆ రోజుల్లో రెండు ప్రభుత్వాలూ స్వాగతానికి పోటీపడ్డాయి. ఇలాంటి సందర్భంలో జిల్లా పేజీ మూస పెద్ద తెరకు ఎక్కుతుంది. ఎవరు స్వాగతం పలికారు, ఎవరు శాలువా కప్పారు, ఎవరు పుష్పగుచ్ఛం ఇచ్చారు. పల్లె ప్రారంభోత్సవంలో సర్పంచ్ ఉన్న స్థానంలో ఇక్కడ మంత్రి ఉంటారు. వాక్యనిర్మాణం మాత్రం అదే.

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్ 19 మహిళల టి20 ప్రపంచకప్‌ను భారత్ గెలిచింది. టోర్నీలో 309 పరుగులు చేసిన గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. ఇలాంటి విజయం పత్రికలో మూడు ముక్కలవుతుంది. ఆట ప్రధాన క్రీడాపుటకు, అనువాదంగా. స్వాగతం శంషాబాద్ పేజీకి. బాణసంచా, మిఠాయిలు, చిన్ననాటి జ్ఞాపకాలు సొంత ఊరి పేజీకి. ఆమె ఆట ఎక్కడ ఎలా తయారైందన్నది ఈ మూడింటి మధ్య సందుల్లో జారిపోతుంది. భద్రాచలం విలేకరికి మ్యాచ్ కనబడదు, క్రీడా డెస్కుకు భద్రాచలం కనబడదు, విమానాశ్రయం దగ్గరివాడికి కనబడేది ముఖద్వారం ఒక్కటే.

ఈ మూసను ఆటగాడే తప్పించిన సందర్భం 2021 జనవరి 21. ఆస్ట్రేలియా సిరీస్‌లో 13 వికెట్లు తీసిన మహమ్మద్ సిరాజ్ శంషాబాద్‌లో దిగి, నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్ చేసిన ఆ తండ్రి నవంబరులో చనిపోయినప్పుడు కొడుకు జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఆ రోజు వార్తకు వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. మొదటి వాక్యంలోకి ఆటగాడు దానంతటదే వచ్చాడు.

7. మిగలని పుటలు

రామచంద్ర గుహ 2002లో ప్రచురించిన భారత క్రికెట్ సామాజిక చరిత్రలో దళిత బౌలర్ పల్వంకర్ బాలూ జీవితాన్ని తిరిగి నిలబెట్టారు. అందుకు ఆయనకు ఆధారమైనవాటిలో పాత పత్రికల పుటలు ముఖ్యం. బొంబాయి పత్రికలు భద్రంగా ఉండబట్టి అది సాధ్యమైంది. తెలుగులో ప్రెస్ అకాడమీ చేపట్టిన డిజిటలీకరణ వల్ల ‘ఆంధ్రపత్రిక’ వంటి పాత పత్రికలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. 1989 తర్వాతి జిల్లా సంచికలకు ఆ భాగ్యం కలగలేదు. జిల్లాకు ఒక సంచిక చొప్పున అనేక పత్రికలు రోజూ వెలువరించిన ఆ పుటలు ప్రధాన సంచికలాగా దాచదగినవని ఎవరికీ తోచలేదు. 2020 లాక్‌డౌన్‌లో జిల్లా అనుబంధాల పేజీలు కుదించుకుపోయిన తర్వాత అది ఒక ముగిసిన రూపంగా కూడా కనబడుతోంది.

పుటలు దాచినవారు లేకపోలేదు. ఆటగాళ్ళ ఇళ్ళలో, వ్యాయామ ఉపాధ్యాయుల బీరువాల్లో కత్తిరింపులున్నాయి. క్రీడా కోటాకు ధ్రువపత్రం చెల్లుతుంది గాని కత్తిరింపు చెల్లదు. అయినా లామినేట్ చేయించి గోడకు తగిలించేది కత్తిరింపునే. తేదీ మాత్రం చాలావాటిమీద ఉండదు, అంచు కత్తిరించేటప్పుడు పోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి వూసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 1994లో, 1995లో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ విజేత. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కాంస్యంతో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమె ఊరి వ్యాయామశాల నుంచి ప్రపంచ వేదికకు చేరిన ఏళ్ళు, తెలుగులో జిల్లా సంచిక పుట్టి ఎదిగిన తొలి ఏళ్ళు దాదాపు ఒకటే. వూసవానిపేటలో ఆమెతోపాటు బరువులెత్తిన మిగతా అమ్మాయిలు ఎవరు, ఎంత ఎత్తారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది తెలుసుకోవాలంటే వెదకవలసింది ఆ ఏళ్ళ శ్రీకాకుళం జిల్లా పేజీలనే.